వానలు పడేలోపు డాబా చెమ్మ, కొళాయిలు, గ్రిల్సు: ఇంట్లో ఏ పనులు మనమే చేసుకోవచ్చు?

పెన్నాఒడ్డు
మాది నెల్లూరు, పాత డాబా ఇల్లు. పోయిన ఏడాది కార్తీకమాసం వానలకి హాల్లో ఒక మూల స్లాబుకి చెమ్మ దిగింది. ఇప్పుడు అక్కడ రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. ఒక మేస్త్రీ పైకెక్కి చూడకుండానే డాబా అంతా కోటింగ్ కొట్టాలన్నాడు. ఇంకొకాయన పైపొర మొత్తం తవ్వి మళ్లీ పోయాలన్నాడు. ఇద్దరి రేట్లకీ పొంతన లేదు. కొళాయిలు, తలుపు గడియలు, ఫ్యాను రెగ్యులేటర్ లాంటివి ఇంట్లో నేనే చూసుకుంటా. డాబా పని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచే కాబట్టి ఇంకా టైమ్ ఉంది. సొంతంగా చేసుకున్నవాళ్లు ఎట్టా చేశారో చెప్పండి. డాబా ఒక్కటే కాదు, మన వైపు ఇళ్లలో ఏ పని మనమే చేసుకోవచ్చో, ఏది వద్దో కూడా రాయండి.

కావలి_సైట్_ఇంజినీర్
తమ్ముడూ, కోటింగ్ డబ్బా కొనే ముందు నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తేల్చుకో. అది తేలకుండా ఎంత ఖరీదైనది పూసినా డబ్బులు దండగే.

డాబా శుభ్రంగా ఊడ్చి, నీళ్లు పోయే గొట్టాల్లో గుడ్డలు కుక్కు. అంతా ఒకేసారి నింపొద్దు. పొలంలో మళ్లు కట్టినట్టు ఇటుకలు, సిమెంటు ముద్దతో చిన్న గట్లు వేసి ఒక్కో భాగంలో అంగుళం నీళ్లు పెట్టు. ఒక రోజు, కుదిరితే రెండు రోజులు కదిలించకుండా ఉంచు. ఏ భాగం నింపినప్పుడు కింద చెమ్మ పెరిగిందో అక్కడే నీ పని. అంగుళం నీళ్లంటే చదరపు మీటరుకి 25 కిలోల బరువు, బాగున్న స్లాబుకి అదేం ఇబ్బంది కాదు. కింద ఇనుము బయటపడిన స్లాబయితే మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం కారేది స్లాబు నడిమధ్యన కాదు, పిట్టగోడ స్లాబు మీద కూర్చునే మూలలో. మన ఎండలకి స్లాబు ఒక తీరుగా సాగుతుంది, గోడ ఇంకో తీరుగా. ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. నీళ్లు అక్కడ దిగి స్లాబులో ఎటో నడిచి, మూడు నాలుగు అడుగుల అవతల కనిపిస్తాయి. అందుకే కింద మచ్చ ఉన్న చోటికి సరిగ్గా పైన వెతికితే ఏమీ దొరకదు. గోడ చుట్టూ చూశాక నీళ్ల గొట్టం నోరు చూడు. తర్వాతే మిగతా డాబా.

ఇందుకూరుపేట_పద్మ
మా ఇంట్లో పిట్టగోడ మూల మొత్తం నేనూ మా నాన్నా చేశాం, ఎండాకాలంలో. వరసగా రాస్తున్నా, ఆడవాళ్లు కూడా చేసుకోగలిగిన పనే.

ముందు ఇనుప బ్రష్షుతో పాచి, పాత సున్నం రుద్ది తీసేయాలి. మూలల్లో రావి మొక్కలు మొలిచి ఉంటే పైపైన పీకితే సరిపోదు, వేరు అందినంత వరకు తవ్వాలి. సన్న పగుళ్లని కూడా ఉలితో కాస్త వెడల్పు చేయాలి. సందు సన్నగా ఉంటే మందు లోపలికి పోదు, పైన పొరలా నిలబడి మళ్లీ లేచిపోతుంది. దుమ్ము ఊది, నీళ్లతో తడిపి, సిమెంటు ఇసుకలో వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి నింపాం. గోడకీ స్లాబుకీ మధ్య మూల నిలువుగా ఉండకూడదు. అక్కడ రెండు మూడు అంగుళాల ఎత్తున ఏటవాలుగా సిమెంటు మెత్తితే నీళ్లు నిలవకుండా జారిపోతాయి. ఆ మెత్తిన దాన్ని వారం రోజులు తడపాలి. మా నాన్న పొద్దునా సాయంత్రం తడిగోనె కప్పేవాడు.

బాగా ఆరాక పైన కోటింగ్. మొదటి కోటు పచ్చిగా ఉన్నప్పుడే పగుళ్ల మీద ఫైబర్ జాలీ పరిచి అద్దాలి. రెండో కోటు మొదటి దానికి అడ్డంగా కొట్టాలి, అప్పుడు వదిలేసిన చుక్కలు మూసుకుంటాయి. రోహిణీ కార్తె ఎండలో మధ్యాహ్నం పూట బ్రష్షు పట్టొద్దు. కాలిన స్లాబు మీద మందు అంటుకునే లోపే ఆరిపోయి బుడగలు లేస్తుంది. మేం తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ఎక్కే లోపు దిగేసేవాళ్లం.

కొత్తపట్నం_సముద్రగాలి
పైన ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇళ్లకి ఇంకో పరీక్ష ముందు చేయాలి. కింద నుంచి స్లాబుని కర్రతోనో, స్క్రూడ్రైవర్ పిడితోనో తట్టండి. గట్టిగా పలికితే సరే. డొల్లగా మోగితే, లేదా తుప్పు రంగు మరకలు వరసగా గీతల్లా కనిపిస్తే లోపల చువ్వ తుప్పు పట్టిందని అర్థం.

ఉప్పుగాలి వల్ల, కొన్ని పాత ఇళ్లయితే ఉప్పునీళ్లతో కట్టడం వల్ల కూడా ఇది వస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ముందున్న చోటుకంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి దానికి. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చు విడిపోతుంది. దాని మీద పుట్టీ పెట్టి రంగేస్తే జబ్బు దాచడమే. మా బంధువుల ఇంట్లో అట్లానే పుట్టీ పెట్టించారు, వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద పెచ్చు పడింది. అదృష్టం, అప్పుడు అక్కడ ఎవరూ లేరు. ఈ దశకి వచ్చినది ఇంజినీరుకి చూపించాల్సిందే, మన చేత్తో చేసే పని కాదు.

కిటికీ గ్రిల్సు మాత్రం మనమే చేసుకోవచ్చు. తుప్పు మీద నేరుగా రంగు వేస్తే లోపల తింటూనే ఉంటుంది. ఇనుప బ్రష్షు, తర్వాత ఎమరీ కాగితం, మెరుపు కనపడే దాకా రుద్దండి. మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించండి. ఈ కడగడం చాలామంది చేయరు, మా వైపు అసలు ముఖ్యం ఇదే. ఆరిన రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, మర్నాడు ఎనామిల్. గ్రిల్ చెక్కలో దిగే చోట, వెల్డింగు అతుకుల దగ్గర సన్న బ్రష్షుతో రెండుసార్లు వేయండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

పెన్నాఒడ్డు
అందరికీ థ్యాంక్స్. కర్రతో తట్టి చూశా, గట్టిగానే పలుకుతోంది. పిట్టగోడ పక్కన పగులు ఉంది, కానీ ట్యాంకు నుంచి దిగే పైపు కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఏది కారణమో ఎట్లా తెలుస్తుంది?

కావలి_సైట్_ఇంజినీర్
పైపయితే ఎండాకాలంలో కూడా చెమ్మ ఆరదు, తమ్ముడూ. వాన లేని రోజుల్లో మచ్చ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి తేదీ వెయ్యి. గీత దాటితే పైపుని అనుమానించు. రాత్రి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో గుర్తు పెట్టుకో. పొద్దున్నకి మట్టం తగ్గితే ట్యాంకే కారుతోంది. తగ్గకపోతే ఇంకో రాత్రి వాల్వు తెరిచి, ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి చూడు. అప్పుడు తగ్గితే పైపులో లీకు.

కనిగిరి_టీచర్
మా వైపు బాధ వాన కాదు, బోరు నీళ్లు. షవర్ జల్లెడ రంధ్రాలు తెల్లగా మూసుకుపోతాయి. విప్పి వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే శుభ్రపడుతుంది. విప్పడం రాకపోతే వెనిగర్ పోసిన పాలిథిన్ కవరు దానికి తొడిగి రబ్బరుబ్యాండు వేయండి.

కొళాయి కారుతుంటే కొత్తది కొనకండి. పాత మరకొళాయి అయితే లోపల వాషర్ అరిగి ఉంటుంది. మెయిన్ వాల్వు కట్టేసి, విప్పి, అదే సైజు వాషర్ వేస్తే చాలు. గొట్టానికి టెఫ్లాన్ టేపు మర బిగించే దిక్కునే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వచ్చేస్తుంది.

బాత్రూంలో కడప బండలు ఉన్నవాళ్లకి ఒక మాట. ఉప్పు మరకలు పోతాయని యాసిడ్ పోస్తారు. అది సున్నపురాయి, యాసిడ్‌కి పొంగి నునుపు పోతుంది. గరుకైన రాయి ఇంకా ఎక్కువ మరక పట్టుకుంటుంది.

తాగే నీళ్ల గురించి కూడా రాయాలి, మా ప్రాంతంలో ఫ్లోరైడ్ ఎంత బాధ పెట్టిందో అందరికీ తెలుసు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కపడుతుంది. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపేది) కూడా దాని సంగతి చెప్పదు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా అని భారతీయ ప్రమాణం. ఆర్వో ఫిల్టర్ ఉన్నా మెంబ్రేన్ పాడైతే రుచిని బట్టి తెలియదు. ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

చీమకుర్తి_శీను
నీళ్ల మోటారు గుయ్యిమని తిరక్కపోతే ఎక్కువసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది. పాత దాని మీద ఉన్న మైక్రోఫారడ్ అంకె చూసి అదే తెచ్చుకుంటే మనమే మార్చుకోవచ్చు, మెకానిక్ కోసం పడిగాపులు పడక్కర్లేదు.

రంగనాయకులపేట
శీనూ, ఆ మాట అంతటితో ఆపితే ప్రమాదం. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. అది ఖాళీ చేయడం తెలిసినవాళ్లే చేయాలి. కరెంటు పనుల్లో నా గీత ఇది: బల్బు, మెయిన్ ఆపి స్విచ్ మార్చడం వరకు మనం. మోటారు, గీజరు, మీటరు పక్క బోర్డు ఎలక్ట్రీషియన్‌కి. అందరూ చేయాల్సింది ఒకటుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే పడిపోయి సరఫరా ఆపే స్విచ్) మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి. అసలు అది లేని ఇల్లయితే 30 మిల్లీయాంపియర్లది పెట్టించండి, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే.

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు చాలా ఇళ్లలో స్విచ్‌బోర్డుల దాకా నీళ్లు వచ్చాయి. నీళ్లు తీశాక బోర్డులు ఎండలో పెట్టి మళ్లీ బిగించినవాళ్లు ఉన్నారు. మునిగిన ఎంసీబీ (లోడు ఎక్కువైనా, షార్టయినా పడే స్విచ్), ఆర్‌సీసీబీ పైకి బాగున్నట్టే ఉంటాయి, అవసరానికి పడవు. వాటిని మళ్లీ వాడొద్దు.

గిద్దలూరు_మిద్దె
డాబాలే కాదు, మా లాంటి మట్టి మిద్దెలు కూడా ఇంకా ఉన్నాయి. మా తాత కట్టిన ఇల్లు. వానలకి ముందు పైన చవుడు మట్టి (ఉప్పు తేలే చవిటి నేల మట్టి) పోసి సమం చేస్తాం. తడవగానే ఆ మట్టి మెత్తబడి సందులు తనంతట తానే మూసుకుంటుంది. కొందరు దాని మీద సిమెంటు వేయిస్తున్నారు. దయచేసి వద్దు. సిమెంటు పగుల్లో దిగిన నీళ్లు పైకి ఆరే దారి లేక దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు పుచ్చిపోతాయి. పైగా బరువు. చవుడు మట్టి తెచ్చి పోసేవాళ్లు తగ్గిపోతున్నారు, పిల్లలకి ఈ పని నేర్పించండి.

పెన్నాఒడ్డు
పద్మక్కా, పైన పని అయ్యాక లోపల స్లాబుకి పుట్టీ, రంగు వెంటనే వేసేయొచ్చా? ఇంట్లో వాళ్లు దసరాకి వేయమంటున్నారు.

ఇందుకూరుపేట_పద్మ
వద్దు తమ్ముడూ. స్లాబులో ఇంకిన తడి పోవడానికి నెలలు పడుతుంది. అడుగు చదరం పాలిథిన్ కాగితం మచ్చ మీద నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించు. ఒకట్రెండు రోజుల తర్వాత స్లాబు వైపు నీటి చుక్కలు కనిపిస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టు. గది వైపే చుక్కలుంటే అది గదిలో తేమ, కిటికీలు తెరిచి పెట్టు. ఇప్పటికి ఊడే రంగు మాత్రం గీకేసి, ఉప్పు పొర పొడి బ్రష్షుతో దులిపేసి వదిలెయ్యి. తడిపితే ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. అక్టోబర్, నవంబర్ వానలు పడనిచ్చి, ఎక్కడా మచ్చ రాకపోతే సంక్రాంతికి రంగు వేసుకోండి.