శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షులను ‘సైబీరియా వలస’ అని రాయవచ్చా?

చిత్తడినేల: మన ఈ చలికాలపు పక్షుల పట్టికలో ఎవరో ‘తేలినీలాపురం: సైబీరియా పెలికాన్లు, సైబీరియా కొంగలు’ అని ఎక్కించారు. తీసేయాలి. అవి చుక్కల ముక్కు పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్కులు అనే కొంగలు. మన రాష్ట్రంలోనే నేలపట్టులో, కొల్లేరు ఆటపాకలో, ఉప్పలపాడులో గూళ్ళు కట్టేవీ ఇవే. సైబీరియా వైపు నుంచి వచ్చే సూదితోక బాతులు ఇక్కడ తిని పోతాయి, గుడ్లు పెట్టవు.

టెక్కలి అబ్బాయి: తాతల నాటి నుంచి సైబీరియా అనే అంటున్నాం. పురుటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటాం.

చిత్తడినేల: పురుటికి ఎవరైనా పుట్టింటికే వస్తారు కదండీ! ఇక్కడ గుడ్లు పెడుతున్నాయంటే ఇవి ఇక్కడివే.

సత్తిబాబు: అసలు సైబీరియాలో పెలికాన్లు లేవా?

చిత్తడినేల: ఉన్నాయి, డాల్మేషియన్ పెలికాన్లు. అవి వేరే జాతి. మన దేశంలో ఎక్కువగా గుజరాత్ వైపు కనిపిస్తాయి.

రాత్రిపురుగు: మాత్‌ల (రాత్రి ఎగిరే రెక్కల పురుగుల) గురించి ఎవరికీ పట్టదు. పోయిన డిసెంబరులో అమావాస్య చూసుకుని ఆ ఊళ్ళో మాత్‌లు వాలడానికి తెల్లగుడ్డ కట్టి లైటు పెట్టాను. గన్నేరు ఆకు తిని పెరిగే హాక్ మాత్ అప్పుడే వాలింది. ఊరివాళ్ళొచ్చి లైటు ఆర్పించారు.

టెక్కలి అబ్బాయి: ఆర్పించరా మరి? గూళ్ళలో పిల్లలున్నాయి. తల్లి బెదిరి లేస్తే పిల్ల కింద పడుతుంది.

రాత్రిపురుగు: చెట్టుకు చాలా దూరంలో పెట్టాను. రైతులు దీపపు ఎరలు పెట్టట్లేదా?

టెక్కలి అబ్బాయి: పొలంలో పచ్చపురుగు కోసం పెట్టుకుంటారు, గూటి కింద కాదు.

సత్తిబాబు: పాయింటుకి రండి బాబూ.

చిత్తడినేల: పాయింటు ఒక్కటే. తప్పు పేరు తప్పే. తాతలు అన్నారని సైన్సు మారదు.

టెక్కలి అబ్బాయి: సైన్సు! అక్టోబరు నుంచి మార్చి దాకా వాకిట్లో రెట్ట కడిగేది మా అమ్మ. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లు విరిగితే ఏడ్చింది మేము. 2021 చివర్లో పెలికాన్లు చచ్చి పడుతుంటే, చేపల నుంచి వచ్చిన పురుగుల వల్ల అని మీవాళ్ళు రాసుకున్నారు, ఎత్తి పాతిపెట్టింది మావాళ్ళు. మీరు ఆదివారం కారులో వచ్చి ఫోటో తీసుకుపోతారు. పట్టికలో మీ పేరు, మాకు రెట్ట. ‘సైబీరియా’ అంటేనే పేపరోళ్ళు వస్తారు, ఆఫీసర్లు వస్తారు. అది కూడా తీసేస్తే ఇక మా ఊరి మొహం ఎవడు చూస్తాడు?

చిత్తడినేల: ఇదీ అసలు సంగతి! ముందే చెప్పొచ్చుగా. అయితే మన పక్షి అంటే విలువ లేదనా?

టెక్కలి అబ్బాయి: మాకుంది. మీకు లేదు. గూళ్ళున్న చింతచెట్టు మీద కాయ కోయరు. ఆ ఇంటికి ఏడాదికి ఇంతని ఇప్పించండి, తర్వాత పేరు ఏదైనా పెట్టుకోండి.

చిత్తడినేల: అటవీశాఖకు అర్జీ రాయండి, నేనూ సంతకం పెడతాను. పట్టికలో మాత్రం సైబీరియా ఉండదు.

టెక్కలి అబ్బాయి: ముందు సంతకం పెట్టండి, తర్వాత పట్టిక. ఊళ్ళోకే రండి. ఆదివారం మాత్రం వద్దు.