సమస్యాపూరణం: కన్నులే విన్నవమ్మ యా కంఠరవము

నిర్వాహకురాలు, విజయనగరం: పై తేటగీతి పాదాన్ని, ఉత్తరాల మీదనే దశాబ్దాలు నిలిచిన ఇద్దరు స్త్రీల స్నేహం వస్తువుగా పూరింపగోరుచున్నాను. కన్నులు విన్నవనుట ఒక చమత్కారం మాత్రమే. ఆ సమయాన చెవులు ఏల వినలేదో కూడ పద్యం చెప్పగలిగితేనే సమస్య తీరినట్లు.

ఆమదాలవలస సభ్యురాలు:

చెలియ సాలూరు కోడలై చేరియుండ,
నామె వ్రాసిన యుత్తర మందినంత
నక్షరమ్మక్షరమ్మున నాడె మాట;
కన్నులే విన్నవమ్మ యా కంఠరవము!

మా చెలి చిరునామాలో జిల్లా పేరు 1979 వరకు శ్రీకాకుళం, ఆపై విజయనగరం, 2022 నుండి పార్వతీపురం మన్యం. మూడు పేర్లతోను ఆమెకు ఉత్తరాలు వ్రాశాను.

నిర్వాహకురాలు: "సాలూరు కోడలై" అనుట హృద్యంగా ఉన్నది, పుట్టినూరి స్నేహం ఎందుకు కాగితం మీదికి మారిందో ఆ రెండు మాటలలోనే తెలిసిపోయింది. అయితే ఉత్తరం అందినంతనే మాటాడదు కదా! ఇన్‌ల్యాండు లెటరు అంచు చింపి, మడతలు విప్పే ఆత్రుత ఇందులో దాటిపోయింది. రెండవ పాదాన్ని "వెలితిఁ దీర్చెడు లేఖను విప్పినంత" అని మార్చి చూడండి.

శ్రీకాకుళం సభ్యుడు (నాయనమ్మ మాటగా):

నాగావళి తీరమందున నాడుకొన్న
బాల్యమంతయుఁ జెలి లేఖ పలుకుచుండ,
మనుమరాలికిఁ జదువఁగా మఱలమఱల
కన్నులే విన్నవమ్మ యా కంఠరవము!

నిర్వాహకురాలు: భావం బాగున్నది కాని, తేటగీతి పాదం సూర్యగణంతో, అనగా గురువు-లఘువుతో గాని మూడు లఘువులతో గాని, మొదలు కావలెను, "నాగా" రెండు గురువులగుటచే గణభంగమైనది. "అల్ల నాగావళీతటి నాడుకొన్న" అంటే నది నిలుస్తుంది, యతియు కుదురుతుంది. ఇంతకంటె ముఖ్యమైనది మూడవ పాదం: మనుమరాలికి పైకి చదివి వినిపించినపుడు చెవులు కూడ విన్నట్లే గనుక, సమస్యలోని పట్టు సడలిపోయింది. "మనసులోననె చదువఁగా మఱలమఱల" అనండి.

శ్రీకాకుళం సభ్యుడు: రెండు సవరణలను స్వీకరిస్తున్నాను. నాయనమ్మ ఆ ఉత్తరాలను ముందుగా తానొక్కతే చదువుకొని, తరువాతనే మాకు చదివి వినిపించేది. కనుక సవరించిన పాదమే ఆమెకు దగ్గరగా ఉన్నది.

విజయనగరం సభ్యురాలు:

వినికి తగ్గెను, ఫోనులో వినఁగలేను;
బొబ్బిలి నివాసి నెచ్చెలి పోస్టులోన
పంపు జాబులఁ జదువఁగాఁ బరవశించి
కన్నులే విన్నవమ్మ యా కంఠరవము!

నిర్వాహకురాలు: నేను అడిగిన ప్రశ్నకు మొదటి పాదమే సమాధానం చెప్పింది. దూరం ఒక్కటే కారణమైతే ఫోను ఆ దూరాన్ని తీర్చగలదు. వినికిడి తగ్గినపుడు ఉత్తరం తప్ప వేరు దారి లేదు. పరవశించినవి కన్నులే, విన్నవియు కన్నులే కావడంతో అన్వయం కూడ చక్కగా కుదిరింది.

విజయనగరం సభ్యురాలు: అమ్మా, ధన్యురాలను. నా చూపు కూడ మందగించినదని తెలిసిన నాటి నుండి, నా నెచ్చెలి కార్డుకు నాలుగైదు వరుసలకు మించకుండ, పెద్ద పెద్ద అక్షరాలతో వ్రాస్తున్నది. చెప్పవలసినది మిగిలితే ఆ మరునాడే ఇంకొక కార్డు వేస్తుంది.

నిర్వాహకురాలు: ఆ పెద్ద అక్షరాల మీద మరొక తేటగీతి వ్రాయండి, మీ నెచ్చెలికి కూడ పంపండి.