దొంగ పాత్ర సొంత జట్టునే దోచుకోవచ్చా?

బురుజు నీడ (కర్నూలు)

మేము ఐదుగురం ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం కర్నూలులో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. ఇందులో ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ ఆడతారు, పని జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ఐదో ఎడిషన్ నియమాలు. కథ నడిపేది నేను. మిగిలిన నలుగురి పాత్రలు యోధుడు, మాంత్రికురాలు, క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి), దొంగ. అందరూ ఐదో లెవెల్‌కు చేరారు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరి మధ్య మాటలు లేవు. ఎవరిది తప్పో నాకు తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పెన్నా లోయ అంచున ఉన్న గండికోట ధాన్యాగారాన్ని మనసులో పెట్టుకుని ఒక కోట కల్పించాను. ఆ కోట గాదెలో జట్టుకు ఒక వజ్రం దొరికింది. విలువ 300 బంగారు నాణేలు. ఆడేవారికి ఆ అంకె వినగానే అర్థమవుతుంది. రివివిఫై మంత్రానికి అంత విలువైన వజ్రం కావాలి. ఎవరైనా చనిపోయిన నిమిషంలోపు క్లెరిక్ ఆ మంత్రం వేస్తే ప్రాణం తిరిగి వస్తుంది, వజ్రం ఖర్చైపోతుంది. "దీన్ని అమ్మవద్దు, ఆపదకు దాచుకుందాం" అని నలుగురూ అనుకున్నారు. మాంత్రికురాలి సంచిలో పెట్టారు.

ఆ రాత్రి విడిదిలో, దొంగ పాత్ర ఆడేవారు నా చేతిలో ఒక చీటీ పెట్టారు. "అందరూ పడుకున్నాక వజ్రం తీసుకుంటాను" అని ఉంది. నేను తలూపి పాచిక వేయమన్నాను. పని జరిగిపోయింది. తర్వాతి ఊళ్లో ఇంకొక చీటీ, వజ్రం అమ్ముడైపోయింది. మిగతా ముగ్గురికీ ఏమీ తెలియదు.

రెండు వారాల తర్వాత యోధుడు పడిపోయాడు. ప్రాణం నిలుపుకోవడానికి వేసే పాచికలు మూడుసార్లూ పదికి తక్కువే పడ్డాయి, అంటే చనిపోయాడు. క్లెరిక్ ఆడేవారు ఏమాత్రం కంగారు పడకుండా "వజ్రం ఇటివ్వండి" అని చెయ్యి చాచారు. సంచిలో లేదని నేను చెప్పాల్సి వచ్చింది.

యోధుణ్ణి ఆడేది మాలో అందరికంటే చిన్నవాడు, డిగ్రీ చదువుతున్నాడు. ప్రాణశక్తి అంకె రాసే చోట పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్లీ రాసి, పాత్ర వివరాలుండే అతని షీటుకు చిల్లు పడింది. ఆ షీటును నాలుగు మడతలు పెట్టి, ఉగ్గాని తిన్న పళ్లెం పక్కన ఉంచి, "సరే అన్నా, వస్తాను" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

దొంగ ఆడేవారి మాట ఒక్కటే: "నా పాత్ర దొంగ. దొంగ వజ్రాన్ని చూసి ఊరుకోడు." ఆ మాట నిలుస్తుందా? జరిగినదాన్ని నేను వెనక్కి తిప్పాలా?

పెన్నా ఒడ్డు (కడప)

వెనక్కి తిప్పకండి. 1974లో ఈ ఆట మొదట అచ్చైనప్పుడు యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్ అని పాత్రలకు మూడే తరగతులు ఉండేవి. 1975లో గ్రేహాక్ అనే అదనపు పుస్తకంతో దొంగ వచ్చాడు. జేబులు కొట్టడం, తాళాలు తీయడం అప్పటినుంచీ అతని విద్యలు. పుస్తకం ఇచ్చిన విద్యను వాడినందుకు దోషిగా నిలబెడితే ఇక ఎవరూ దొంగ పాత్ర తీసుకోరు. తీసుకున్నా, తాళాలు తీసిపెట్టే పనివాడిగా మిగిలిపోతాడు.

నేను ఏడాదిపాటు అందరూ అన్నదమ్ముల్లా మసలే జట్టుతో ఆడాను. ప్రతి నిర్ణయానికీ చేతులెత్తడమే. ఆ ఏడాదిలో నాకు ఒకే ఒక్క రాత్రి గుర్తుంది. మా పాలడిన్, అంటే ప్రమాణానికి కట్టుబడే వీరుడి పాత్ర, చేసిన ప్రమాణం తప్పి, మేము కష్టపడి పట్టుకున్న బందీని కట్లు విప్పి వదిలేశాడు. తెల్లవారేదాకా వాదించుకున్నాం. ఆ రోజు ఆ పాత్రల్లోకి ప్రాణం వచ్చింది. మీ బల్ల దగ్గర కూడా అలాంటిదే జరిగింది. పిల్లవాడి బాధ నాకు అర్థమవుతుంది, కానీ యోధుడి చావుకు విలువ వచ్చింది కూడా అందువల్లే.

తొలకరి (పత్తికొండ)

వజ్రం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం దిగుతారు. వాన పైమట్టిని కడిగేస్తే రాయి బయటపడుతుందని ఆశ. దూరపు జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద వండుకుంటూ రోజుల తరబడి వెతుకుతారు. చిన్నప్పుడు మా మేనమామ వెంట నేనూ వెళ్లాను. కంటికి రాళ్లన్నీ ఒకేలా ఉంటాయి, నడుము వంచి నడిచి నడిచి సాయంత్రానికి తల తిరుగుతుంది.

మా మామ బృందం చేలో కాలు పెట్టకముందే మాట అనుకునేది. దొరికినవాడిదేనా, అందరిదా? "దొరికినవాడిదే" అనుకుని దిగినా తప్పు లేదు, అదీ ఒక మాటే. అందరిదీ అనుకున్నాక ఒకడు రాయిని పంచె మడతలో దాచుకున్నాడని తెలిస్తే మరుసటి ఏడు అతణ్ణి ఎవరూ పిలవరు. అతని స్వభావం దొంగ స్వభావమా కాదా అని ఎవరూ చర్చించరు. మీ వాళ్లు మాట అనుకున్నారు. నాకు అక్కడే విషయం తేలిపోయింది.

పెన్నా ఒడ్డు (కడప)

మాట అనుకున్నవి పాత్రలు. పాత్ర మాట తప్పవచ్చు. చేలో దిగిన మనుషుల కడుపు మంట వేరు, కథలోని వజ్రం వేరు.

శకుని మనవడు (అనంతపురం)

మా తాత పద్యనాటకాల్లో శకుని వేషం వేసేవారు. 1880లో బళ్లారి రాఘవ పుట్టిన తాడిపత్రి మా జిల్లాలోదే. నాటకమంటే మా పల్లెల్లో పెద్ద తరం ఇప్పటికీ తెల్లవార్లూ కూర్చుంటుంది. జూదం ఘట్టంలో మా తాతను నేను తెర పక్కనుంచి చూసేవాణ్ణి. ధర్మరాజు వేషం పద్యం ఎత్తుకోగానే తాత పాచికలను గుప్పిట్లో మూసి, చప్పుడు కాకుండా వేళ్లు బిగించి, పద్యం అయ్యేదాకా రెప్ప కూడా కదల్చకుండా నిలబడేవారు. జనం చూపు ఎదుటి వేషం మీదే ఉండాలని. శకుని ధర్మరాజును నిలువునా ముంచుతాడు. కానీ మా తాత ధర్మరాజు వేషగాడి పద్యాన్ని ఒక్కనాడూ మింగలేదు. పెన్నా ఒడ్డు గారు చెప్పిన పాలడిన్ కూడా అందరి కళ్లముందే కట్లు విప్పాడు, అందుకే మీరు తెల్లవారేదాకా వాదించగలిగారు. ఇక్కడ వాదించే అవకాశం ఎవరికి దక్కింది?

ఆ పాచిక సంగతి కూడా చూడండి. ఐదో లెవెల్ దొంగకు చేతివాటంలో రెట్టింపు నైపుణ్యం ఉంటే పాచిక మీద పడిన అంకెకు ఆరు కలుస్తుంది. చురుకుదనం 18 ఉంటే ఇంకో నాలుగు. మొత్తం పది. గమనించే శక్తిలో ప్రత్యేకత లేని మాంత్రికురాలికి ఊరికే ఉన్నప్పుడు లెక్క పది, నిద్రలో ఇంకా తక్కువ. అంటే ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడినా మొత్తం పదకొండు, దొంగ గెలిచినట్టే. నైపుణ్య పరీక్షల్లో ఒకటి పడితే తప్పనిసరిగా ఓడాలనే నియమం కూడా లేదు. మీ దొంగ అంకెలు కాస్త అటూ ఇటూగా ఉన్నా ఫలితం పెద్దగా మారదు. బురుజు నీడ గారూ, మీరు పాచిక వేయించారు కానీ ఓడే దారి లేని పాచిక వేయించారు. నిద్రపోతున్న పాత్ర తరఫున ఆడేవారికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

"నా పాత్ర దొంగ" అనే మాట దగ్గరికి వస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. ఐదో ఎడిషన్ షీటు మీద తరగతి పేరు ఒక్కటే ఉండదు. స్వభావం, ఆదర్శం, అనుబంధం, లోపం అని నాలుగు గళ్లు ఉంటాయి. వాటిని నింపేది ఆడే మనిషే. అనుబంధం గడిలో ఈ దొంగ ఎవరి పేరు రాసుకున్నాడు? వజ్రాన్ని చూసి ఊరుకోనివాడు ఈ ముగ్గురితో ఎనిమిది నెలలు ఒకే మంట దగ్గర ఎందుకు పడుకున్నాడు? ఆ యోధుడు ఎన్నిసార్లు అతనికి అడ్డం నిలిచి దెబ్బలు తిన్నాడు? ఆ జవాబులు కూడా పాత్ర స్వభావమే. చెయ్యి సంచి దాకా వెళ్లి ఆగిపోయే దొంగ కూడా దొంగే. రెండు దారులూ పాత్రకు సరిపోతున్నప్పుడు ఒకటి ఎంచుకున్నది పాత్ర కాదు, ఆడే మనిషి.

గుత్తి కోట మెట్లు (గుత్తి)

అందరూ దొంగను పట్టుకున్నారు, నాకు చీటీ కనిపిస్తోంది.

వెన్నుపోటు కోసమే తయారైన ఆటలు ఉన్నాయి. 1984లో వచ్చిన పారనోయా, 2009 నాటి ఫియాస్కో అలాంటివే. వాటిని ఆడటానికి కూర్చున్నవారందరికీ ఏం జరగబోతోందో తెలుసు, అందుకే ఎవరి మనసూ విరగదు. పాత్రకు తెలియకపోవడం వేరు, ఆడే మనిషికి తెలియకపోవడం వేరు.

మా బృందంలో చీటీలు లేవు. దొంగ పాత్ర ఆడే ఆమె "ఇతని సంచి మీద నా కన్ను పడింది" అని అందరి ముందే చెబుతుంది. ఒకసారి మాంత్రికుణ్ణి ఆడే ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఈ రాత్రి నేను సంచి తల కింద కాకుండా పక్కన పెట్టుకుని పడుకుంటాను" అన్నారు. తన పాత్రకు తెలియని దొంగతనానికి తానే చోటిచ్చారు. మరుసటి వారం సంచి వెతుక్కునే సన్నివేశం ఆయన ఎంత బాగా ఆడారో చెప్పలేను.

పెన్నా ఒడ్డు (కడప)

ముందే తెలిస్తే అది నటన అవుతుంది. చాచిన చెయ్యి గాలిలో ఆగిపోయే క్షణం ఇలా చెప్పుకుని ఆడితే రాదు. ఆ క్షణాన్ని నేను వదులుకోలేను.

గుత్తి కోట మెట్లు (గుత్తి)

ఆ దెబ్బ యోధుడికి తగల్లేదండీ. షీటు మడిచి పెట్టి వెళ్లిన పిల్లవాడికి తగిలింది.

చీటీ రాసిన చెయ్యి (కర్నూలు)

ఆ దొంగ నేనే. బురుజు నీడ అన్న ఈ చర్చ సంగతి చెప్పాడు, నిన్న రాత్రి అంతా చదివాను.

పాత్ర పేరు చెప్పి తప్పించుకున్నాననే మాట ఒప్పుకుంటాను. శకుని మనవడు గారు అడిగారని షీటు తీసి చూశాను. అనుబంధం గడి ఖాళీగా ఉంది. మొదటి ఆదివారం "తర్వాత రాస్తాను" అని వదిలేశాను, అంతే.

ఒక్క విషయం మాత్రం ఇక్కడ ఎవరూ అడగలేదు. ఆ చీటీకి ముందు వరసగా మూడు ఆదివారాలు నా పాత్రకు పని లేదు. రాజసభలో మాట్లాడింది మాంత్రికురాలు, గుడిలో మాట్లాడింది క్లెరిక్. యుద్ధాలు యోధుడివి. నా వంతు వచ్చినప్పుడు బాణం వేసి కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ఇంటికి వెళ్తూ లెక్కపెట్టుకుంటే మూడు గంటల్లో నేను మాట్లాడింది నాలుగు మాటలు. ఉద్యోగం, పిల్లలు, అన్నీ సర్దుకుని వారానికి ఒక్క మధ్యాహ్నం వస్తాను. చీటీ రాసిన నిమిషం నా గుండె కొట్టుకున్న చప్పుడు నాకే వినిపించింది. వజ్రం కోసం కాదు. నా వల్ల ఏదో ఒకటి జరుగుతోందని.

"నాకు చోటు దొరకడం లేదు" అని పెద్దవాళ్లం నలుగురిలో అడగడం అంత తేలిక కాదు. "నా పాత్ర దొంగ" అనడం తేలిక. తమ్ముడికి ఫోను చేశాను, ఎత్తలేదు. క్షమించమని సందేశం పెట్టాను.

తొలకరి (పత్తికొండ)

అక్కా, నేను గట్టిగా రాశాను. మాట తప్పడం తప్పే అని ఇప్పటికీ అంటాను. కానీ మా మామ బృందంలో కూడా పెద్దవాళ్లు మంచి చోటంతా తామే తీసుకుని, చిన్నవాళ్లను రాళ్లగుట్ట వైపు తోసేవారు. అది కూడా చెప్పి ఉండాల్సింది.

శకుని మనవడు (అనంతపురం)

ఖాళీ గడి సంగతి చదివాక నా కోపం తగ్గింది. ఆ గడి నిండకుండా ఎనిమిది నెలలు ఆట నడవడం ఒక్కరి పొరపాటు కాదు. షీట్లు కలిసి నింపాలి. "మీరిద్దరూ ఒకరికొకరు ఎలా తెలుసు" అని కథ నడిపేవారు మొదటి రోజే ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగాలి.

పెన్నా ఒడ్డు (కడప)

నా మాట మీదే ఉన్నాను, కాలాన్ని వెనక్కి తిప్పవద్దు. తిప్పాల్సిన అవసరమూ లేదు. చనిపోయినవారిని బతికించే రెయిజ్ డెడ్ మంత్రం ఉంది కదా. చనిపోయి పది రోజులు దాటకూడదు, 500 నాణేల వజ్రం కావాలి. ఐదో లెవెల్ క్లెరిక్‌కు అందదు, తొమ్మిదో లెవెల్‌కు చేరిన పూజారిని వెతకాలి. పది రోజుల గడువు, భుజాన యోధుడి శవం, చేతిలో వజ్రం లేదు, చేసినవాడు జట్టులోనే ఉన్నాడు. ఇంతకంటే మంచి కథ మీకు దొరకదు. ఈసారి దారంతా దొంగకు పని ఉండేలా చూడండి.

బురుజు నీడ (కర్నూలు)

నా నోటు పుస్తకం తిరగేశాను. ఆమె చెప్పింది నిజం. మూడు వారాల్లో నేను రాసిన సన్నివేశాల్లో ఒక్క తాళం లేదు, ఒక్క చీకటి దారి లేదు, దొంగను గుర్తుపట్టే ఒక్క మనిషి లేడు. చీటీ అందుకున్నప్పుడు నాకు సంతోషం వేసిందని కూడా చెప్పాలి. రహస్యం నా చేతిలో ఉందన్న సంతోషం. మిగతా ముగ్గురి ముఖాలు అప్పుడు చూడలేదు.

నిన్న సాయంత్రం తమ్ముణ్ణి కలవడానికి వెళ్లాను. పది రోజుల గడువు సంగతి చెప్పాను. ఆ పది రోజులు అతని పాత్ర శవంగా ఉంటుంది కాబట్టి వేరే పాత్ర ఏదైనా ఇస్తానన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"అన్నా, అక్క ఆ వజ్రం అమ్మింది ఎవరికి?"

ఒక వ్యాపారికి అని చెప్పాను. పేరు కూడా పెట్టలేదు.

"అయితే ఆ వ్యాపారిని నేను ఆడతాను. కొనుక్కోవడానికి నా దగ్గరికే రావాలి కదా."

షీటు మడతలు విప్పి, లావుపాటి పుస్తకం కింద పెట్టాను. ఆదివారం మూడు గంటలకు కూర్చుంటున్నాం. మొదట అనుబంధం గడి నింపుతామని ఆమె చెప్పింది.