డెలావేర్ పడవ బొమ్మ అబద్ధమా? పిల్లలకు ఏం చెప్పాలి?

అడిగినవారు: సోషల్ టీచర్, సఖినేటిపల్లి వైపు

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. పోయినేడు అమెరికా స్వాతంత్ర్య పోరాటం చెప్పేటప్పుడు బోర్డు మీద 1773, 1776, 1783 అని వరసగా రాశాను. పిల్లలు రాసుకున్నారు, వారం తిరక్కుండానే మర్చిపోయారు. అందుకని ఈసారి పుస్తకాలు మూయించి, ప్యానెల్ మీద ఒక బొమ్మ పెట్టాను. ఎమాన్యుయెల్ లోయిట్జ గీసిన బొమ్మ. మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నదిని వాషింగ్టన్ చిన్న పడవలో కాలెత్తి నిలబడి సైన్యంతో దాటుతుంటాడు. అసలు బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 12 అడుగుల పైన, వెడల్పు 21 అడుగుల పైన. తాడు తీసుకెళ్లి వరండాలో 21 అడుగులు కొలిపించాను. అంత పెద్దదా అని నోరు తెరిచారు.

అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడమన్నాను. తర్వాత "ఏం కనిపించింది?" అని అడిగితే చివరి బెంచీ పిల్లాడు లేచాడు. వాళ్ల నాన్న వశిష్ఠ గోదావరిలో చేపల వేటకెళ్తాడు. మామూలుగా క్లాసులో నోరు విప్పని పిల్లాడు. "అంత చిన్న పడవలో అలా కాలెత్తి నిలబడితే తిరగబడుద్ది టీచర్. పక్కన ఇంకో ఇద్దరు జెండా పట్టుకుని నిలబడ్డారు కూడా" అన్నాడు. ఇంకో అమ్మాయి, "రాత్రి దాటారన్నారు కదా, మరి ఆకాశంలో వెలుతురేంటి?" అంది. అప్పుడు నేనే చెప్పాను: దాటింది 1776 డిసెంబరు 25 రాత్రి, ఆ చుక్కలూ చారల జెండాను ఆమోదించింది 1777 జూన్‌లో, కాబట్టి ఆ జెండా ఆ పడవలో ఉండే వీల్లేదు.

అంతే, క్లాసంతా ఒకటే ప్రశ్న: "అయితే బొమ్మ అబద్ధమా టీచర్? మరి మాకెందుకు చూపించారు?"

గంట కొట్టారు. నేను సరిగా జవాబు చెప్పలేదు. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. ఏం చెప్పాలి? తర్వాత నల్లజాతివారి చరిత్ర కూడా బొమ్మలతోనే చెప్పాలనుంది. దానికి ఏది బాగుంటుంది?

డ్రాయింగ్ మాస్టారు, రాజమండ్రి

అమ్మా, ఆ ప్రశ్న వచ్చిందంటే మీ పాఠం బాగా జరిగినట్టే. పిల్లలకు ఇలా చెప్పండి: చరిత్ర బొమ్మకు రెండు తేదీలుంటాయి. సంగతి జరిగినది ఒకటి, గీసినది ఒకటి. ఈ బొమ్మ పూర్తయింది 1851లో, అంటే దాటిన 75 ఏళ్లకు. అది కూడా అమెరికాలో కాదు, జర్మనీలోని డ్యూసెల్డార్ఫ్‌లో. 1848లో యూరప్ అంతటా ప్రజలు రాజుల మీద తిరగబడి ఓడిపోయారు. నీరసపడిన ఆ జనానికి ధైర్యం చెప్పాలని లోయిట్జ గీశాడు. ఆ తెల్లవారుతున్న వెలుతురు అందుకే. 1776 గురించి ఆ బొమ్మను అడిగితే కొంచెమే చెబుతుంది. 1851 గురించి అడిగితే చాలా చెబుతుంది.

1851 అంటే మన పిల్లలకు అందేలా చెప్పాలా? అప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నారు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇక్కడ రాళ్లు పేరుస్తుంటే అక్కడ ఆయన ఆ మంచుగడ్డలకు రంగు వేస్తున్నాడు. మన ఊళ్లలో గుర్రం మీద ఉండే కాటన్ దొర విగ్రహాలను కూడా ఇలాగే చూడమనండి. దొర ఎలా ఉండేవాడో కాదు, ఇన్నేళ్ల తర్వాత ఊరివాళ్లు ఆయన్ని ఎలా తలుచుకుంటున్నారో ఆ విగ్రహం చెబుతుంది.

అమలాపురం, ఇప్పుడు న్యూజెర్సీ

టీచర్ గారూ, మీ వెనక బెంచీ పిల్లాడికి ఒక మాట చెప్పండి. వాడు తప్పు పట్టుకున్నది నిజమే, కానీ తప్పు నిలబడటంలో లేదు, పడవలో ఉంది. నేను ఆ రేవుకు వెళ్లాను. అసలు వాళ్లు వాడినవి డర్హమ్ పడవలు. ఇనుము, సరుకు మోసేవి. 40 నుంచి 60 అడుగుల పొడవు, అడుగుభాగం చదును, అంచులు ఎత్తు. కూర్చోడానికి బల్లలుండవు, అడుగున చన్నీళ్లు. సైనికులు చాలామంది నిలబడే దాటి ఉంటారంటారు. గుర్రాల్నీ 18 ఫిరంగుల్నీ రేవు బల్లకట్ల మీద దాటించారు. దాదాపు 2,400 మంది ఒక్క రాత్రిలో. మన నరసాపురం రేవులో పంటు మీద బైకులు, కార్లు, మనుషులు కలిసి దాటుతారు కదా, అదే లెక్క.

తెలుగు టీచర్, రాజోలు

అక్కా, మీ రెండో ప్రశ్నకు అమెరికా నల్లజాతి చిత్రకారుడు జేకబ్ లారెన్స్ వలస బొమ్మలు చూపించండి. 1940-41లో గీశాడు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. మొత్తం 60 చిన్న పలకలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి దక్షిణాది నల్లజాతివాళ్లు లక్షలమంది ఉత్తరాది నగరాలకు వెళ్లిపోయిన కథ. ఆయన అమ్మానాన్నలు కూడా అలా వెళ్లినవాళ్లే. అన్ని పలకలకూ ఒకేసారి ఒక్కో రంగు వేసుకుంటూ వెళ్లాడు, అందుకే అరవైలోనూ అవే రంగులు కనిపిస్తాయి.

మొదటి పలకలో రైల్వే స్టేషన్. మూడు గేట్ల మీద షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని రాసి ఉంటుంది. జనం తోసుకుంటూ వెళ్తుంటారు, ఎవరి ముఖమూ సరిగా కనపడదు. నేను పిల్లల్ని, "మన ఊళ్లో గీస్తే గేట్ల మీద ఏం రాస్తారు?" అని అడిగాను. కువైట్, మస్కట్, హైదరాబాద్ అన్నారు. ముందుకు వెళ్లినకొద్దీ ఉత్తరాలు వస్తాయి, ఇరుకు గదులు వస్తాయి, అక్కడి గొడవలు వస్తాయి. ఒక అమ్మాయి ఉత్తరం ఉన్న పలక దగ్గరే ఆగిపోయింది. వాళ్లమ్మ నాలుగేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోందట. ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మీరు మాత్రం పాఠానికి ముందే అలాంటి పిల్లలతో విడిగా మాట్లాడండి. ఇష్టముంటేనే చెప్పనివ్వండి.

సోషల్ టీచర్, సఖినేటిపల్లి వైపు

మాస్టారూ, తమ్ముడూ, చెల్లీ, ముగ్గురికీ చాలా థాంక్స్. మొన్న బోర్డు మీద 1776, 1851 పక్కపక్కన రాసి, కింద 1852 ఆనకట్ట అని రాశాను. చెప్పేలోపే పిల్లలే లెక్క కట్టారు. డర్హమ్ పడవ సంగతి చెప్పగానే ఆ పిల్లాడు, "అదా, పంటైతే నిలబడొచ్చు టీచర్" అని కూర్చున్నాడు. సాయంత్రం నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. పంటు గీశాడు. మధ్యలో ఫిరంగి, రెండు గుర్రాలు, చుట్టూ మంచుగడ్డలు. ఆకాశమంతా పెన్సిల్‌తో నల్లగా రుద్దేశాడు. జెండా లేదు.

మా క్లాసులో అమ్మ గల్ఫ్‌లో ఉన్న పిల్లలు ముగ్గురున్నారు. వాళ్లతో రేపు మాట్లాడతాను.