పీఆర్ కోసం ప్రీస్కూల్ టీచర్ అవ్వడం తప్పా?

బెంచ్_మీద_నల్లగండ్ల:
హాయ్ అందరికీ. నాకు 33, డిసెంబర్‌లో 34 వస్తాయి. బీటెక్ చేసి గచ్చిబౌలిలో మాన్యువల్ టెస్టింగ్ చేస్తున్నా, ప్రాజెక్ట్ అయిపోయి పని లేకుండా బెంచ్ మీద పడేశారు, ఆటోమేషన్ నేర్చుకో లేకపోతే నీ దారి నువ్వు చూస్కో అన్నట్టుంది వరస. మా ఆడపడుచు మెల్‌బోర్న్‌లో ఉంటుంది, మాస్టర్ ఆఫ్ టీచింగ్ ఎర్లీ చైల్డ్‌హుడ్ రెండేళ్ళు చేసెయ్ వదినా, టీచర్లకి కొరత, ఆస్ట్రేలియా పీఆర్, అంటే అక్కడే శాశ్వతంగా ఉండిపోయే వీసా, వచ్చేస్తుంది అని రోజూ ఫోన్. మా అత్తగారేమో బీటెక్ చదివి ఎవరివో పిల్లల ముడ్లు కడగడానికి అంత దూరం పోతావా అని ఒకటే గొడవ. మా ఆయన గోడ మీద పిల్లి. పాపకి అయిదేళ్ళు. పిల్లలంటే ప్రాణం లాంటి డైలాగులు నాకు రావు, అపార్ట్‌మెంట్ పిల్లలంతా సాయంత్రం మా ఇంట్లోనే ఉంటారు, నాకేం చిరాకు రాదు, అంతవరకే. వెళ్తే పీఆర్ కోసమే వెళ్తా. ఇది తప్పా చెప్పండి.

కూకట్‌పల్లి_కుర్రోడు:
తప్పే అక్కా, ఏమనుకోకండి. కోడ్‌లో బగ్ ఉంటే రేపు ఫిక్స్ చేస్తారు, మూడేళ్ళ పిల్లాడు మీ ఫిక్స్ కోసం ఆగడు. ఇష్టం లేకుండా ఆ పనిలోకి వెళ్తే ఆ చిరాకంతా పడేది వాళ్ళ మీదే. కావాలంటే డేటా అనలిటిక్స్ చెయ్యండి, ఏదైనా చెయ్యండి, చిన్నపిల్లల్ని మాత్రం వీసా మెట్టుగా వాడుకోవద్దు.

స్టాండప్_కాల్_బాధితురాలు:
బ్రో, అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో జావా నేర్చుకున్న వాళ్ళల్లో జావా మీద ప్రేమతో వచ్చినవాడు ఒక్కడిని చూపించు. ఆన్‌సైట్ కోసం మొగుళ్ళు కంపెనీలు మారితే కెరీర్ గ్రోత్, ఆడది పీఆర్ కోసం టీచర్ అయితే మాత్రం ప్రేమ, సేవ, త్యాగం అన్నీ ముందే సర్టిఫికెట్ తెచ్చి చూపించాలా? నర్సులు కేరళ నుంచి గల్ఫ్‌కి వెళ్ళేది జీతం కోసమే, అందుకని ఇంజెక్షన్ తప్పుగా వేస్తున్నారా. ఆమె అడగాల్సింది పని వచ్చా రాదా అని, ఇష్టం ఉందా లేదా అని కాదు.

ప్లేస్కూల్_నాగోల్:
నేను నాగోల్‌ల ప్లేస్కూల్‌ల చేస్తున్న. ఆ ముడ్లు కడుగుడు మాట చదివి మస్తు కోపమొచ్చింది. మా ఆయమ్మ ఒక్క పూట రాకుంటే స్కూల్ నడ్వది, మళ్ల ఆమెకే అందరికంటె తక్కువ జీతం. మన దగ్గర టీచర్ అంటే ఏబీసీడీ చెప్పేది, ముక్కు తుడిచేది ఆయమ్మ అని రెండు కులాల లెక్క చేసి పెట్టిన్రు. మూడేళ్ల పోరగానికి ఏబీసీడీ కంటె ముందు తినుడు, కడుక్కునుడు, ఏడుపు ఆపుకునుడు రావాలె, అది నేర్పేటామెకు విలువ లేదు. కొత్త విద్యా విధానం 2020ల వచ్చి 3 నుంచి 8 ఏండ్ల దాంక ఒకటే ఫౌండేషనల్ స్టేజ్ అన్నది, మా పేరెంట్స్ మాత్రం ఇంకా హోంవర్క్ ఏది మేడమ్ అనే అడుగుతున్నరు.

టార్నీట్_వదిన:
నేను ఇదే లైన్‌లో ఉన్నా కాబట్టి చెప్తా, కొంచెం పొడుగవుతుంది. హైదరాబాద్‌లో బీకామ్, తర్వాత బ్యాంక్ బ్యాక్ ఆఫీస్, ఇక్కడికొచ్చి మాస్టర్స్. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఒక చైల్డ్‌కేర్ సెంటర్‌లో టీచర్ని.

ముందు మీ అత్తగారికి చెప్పండి, అవును, కడగాలి. యూనివర్సిటీ డిగ్రీ ఉన్న టీచర్ అయినా చిన్నపిల్లల రూమ్‌లో ఉంటే న్యాపీ, అంటే డైపర్, మార్చాల్సిందే, ఆయమ్మ అని వేరే మనిషి ఉండదు. దానికో వరస ఉంటుంది, గోడ మీద బొమ్మలతో సహా అంటించి పెడతారు: గ్లవ్స్ వేసుకో, బెంచ్ మీద పేపర్ పరువు, ఒక చెయ్యి ఎప్పుడూ పిల్లాడి మీద నుంచి తియ్యకు, అయ్యాక గ్లవ్స్ తీసెయ్, వాడి చేతులు కడుగు, బెంచ్ తుడువు, నీ చేతులు కడుక్కో, యాప్‌లో టైమ్ వెయ్యి. అదయ్యేంతసేపూ వాడితో మాట్లాడుతూ ఉండాలి, ఇప్పుడు కాలు ఎత్తుతున్నా నాన్నా, తడి వైప్ చల్లగా ఉందా అని. ఇక్కడి లెర్నింగ్ ఫ్రేమ్‌వర్క్ 2009లో వచ్చింది, 2022లో మార్చారు, దాని ప్రకారం అది కూడా చదువే.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో మూడేళ్ళ లోపు పిల్లలకి నలుగురికి ఒక మనిషి, మూడు దాటితే 11 మందికి ఒకరు ఉండాలని రూల్. ఎవరైనా టాయిలెట్‌కి వెళ్ళాలన్నా ఇంకొకరిని రూమ్‌లోకి పిలిచి వెళ్ళాలి. బయటికి తీసుకెళ్ళే ముందు అందరికీ సన్‌స్క్రీన్, టోపీ, టోపీ లేనివాడికి బయట ఆట లేదు. నడుం నొప్పి గ్యారంటీ. జలుబులు మొదటి చలికాలం వరసపెట్టి వస్తాయి. ఇవన్నీ ఓర్చుకోవచ్చు, నన్ను నిజంగా చంపింది రాతపని. ఒక పిల్ల ఇసకలో గిన్నె బోర్లించి మళ్ళీ నింపుతుంటే ఆ పిల్ల ఏం నేర్చుకుంటోంది, రేపు దానికి నువ్వేం ఏర్పాటు చేస్తావ్ అని ఫొటోతో సహా రాయాలి. నల్లగండ్ల గారూ, మీరు టెస్టర్ కదా, చూసింది చూసినట్టు రాయడం మీకు అలవాటే. ప్రేమ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

కూకట్‌పల్లి తమ్ముడూ, నువ్వన్నదాంట్లో కొంత నిజముంది. పీఆర్ కోసమే వచ్చి రోజంతా గడియారం చూసేవాళ్ళని చూశా. పిల్లలంటే ప్రాణం అని వచ్చి మూడు నెలలకే ఏడుస్తూ మానేసినవాళ్ళనీ చూశా, వాళ్ళే ఎక్కువ.

దిల్‌సుఖ్‌నగర్_డౌట్స్:
మధ్యలో వస్తున్నా సారీ. మా దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మాస్టర్స్ ఎందుకండీ దండగ, డిప్లొమా చేస్తే చాలు, అదీ టీచరే అన్నారు. ఫీజు సగం కూడా లేదు. నిజమేనా?

టార్నీట్_వదిన:
కాదు. సర్టిఫికెట్ 3, డిప్లొమా చేస్తే ఎడ్యుకేటర్ అంటారు, అదీ గౌరవమైన పనే, కానీ టీచర్ కాదు, జీతం వేరు, వీసా లిస్టులో కోడ్ కూడా వేరు. టీచర్ కోడ్ 241111. దానికి ఎఐటిఎస్ఎల్ అనే సంస్థ స్కిల్ అసెస్‌మెంట్ చేస్తుంది, మొత్తం నాలుగేళ్ళ యూనివర్సిటీ చదువు, అందులో టీచర్ ట్రైనింగ్, కనీసం 45 రోజుల ప్రాక్టీస్ ఉండాలి. హైస్కూల్ పిల్లలకి చెప్పే మన బీఎడ్ చూపిస్తే ఈ కోడ్‌కి సరిపోదు. ఇంగ్లిష్ స్కోరు కూడా గట్టిగానే అడుగుతారు, అది ముందే చూస్కోండి.

వీసా_లెక్కల_మాస్టారు:
అందరూ ప్రేమ గురించి కొట్టుకుంటున్నారు, అమ్మాయి వయసు ఎవరూ లెక్కెయ్యలేదు. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే 485 వీసాకి 2024 జులై 1 నుంచి వయసు 35 దాటకూడదు, పీహెచ్‌డీ, రీసెర్చ్ మాస్టర్స్ లాంటి వాటికే మినహాయింపు. డిసెంబర్‌కి 34, ఫిబ్రవరిలో కోర్సు మొదలు, రెండేళ్ళు, అంటే బయటికొచ్చేసరికి 36. తలుపు మూసుకుపోయినట్టే. ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమా చేసి వయసు కాపాడుకుందామంటే, 485కి అక్కడ రెండు విద్యా సంవత్సరాల చదువు ఉండాలి, అదీ కుదరదు. పర్మనెంట్ వీసాలకి 45 దాకా టైమ్ ఉంది, కానీ 485 లేకుండా ఆ మధ్య కాలం ఎలా గడుపుతారు? స్పాన్సర్ చేసే వీసాకి ఏడాది అనుభవం అడుగుతారు.

ఇక డబ్బు. స్టూడెంట్ వీసాకి ఏడాది బతుకు ఖర్చు కింద మీకు 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి, మీ ఆయనకి 10,394, పాపకి 4,449, పాప స్కూలుకెళ్ళే వయసు కాబట్టి ఇంకో 13,502. ట్యూషన్ ఫీజు, టికెట్లు వేరే. వీసా ఫీజే 2025 జులై నుంచి 2,000 డాలర్లు, రిజెక్ట్ అయితే తిరిగి రాదు. దీని గురించి మీ ఆడపడుచుతో మాట్లాడారా?

బెంచ్_మీద_నల్లగండ్ల:
లేదండీ, వయసు సంగతి తనకీ తెలిసినట్టు లేదు. చేతులాడట్లేదు. అయినా ఒకటి అడుగుతా, ప్లేస్‌మెంట్, అంటే ఆ 45 రోజుల ప్రాక్టీస్ లాంటి రోజుల్లో జీతం ఇస్తారా?

టార్నీట్_వదిన:
ఇవ్వరమ్మా. 2025 జులై నుంచి గవర్నమెంట్ ప్రాక్ పేమెంట్ అని పెట్టింది, అది ఇక్కడి స్టూడెంట్స్‌కే, మనకి రాదు. మాస్టర్స్ కాబట్టి మీ ఆయన ఎన్ని గంటలైనా పని చేసుకోవచ్చు, మీకు మాత్రం కోర్సు నడిచేటప్పుడు రెండు వారాలకి 48 గంటలే. ఆయన గోడ దిగితేనే ఈ ప్లాన్ నడుస్తుంది, నిజంగా. మాస్టారు చెప్పిన లెక్క కరెక్టే, కొన్ని చోట్ల మాస్టర్స్‌ని ఏడాదిన్నరకి కుదించి నడుపుతారు, అది 485 లెక్కకి సరిపోతుందో లేదో యూనివర్సిటీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి, నోటి మాట నమ్మొద్దు.

స్టాండప్_కాల్_బాధితురాలు:
న్యూజిలాండ్ కూడా చూడు అక్కా. ఏ డిగ్రీ మీదైనా ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇన్ టీచింగ్ ఉంది, ఎర్లీ చైల్డ్‌హుడ్ టీచర్ కొరత ఉన్న ఉద్యోగాల కోసం వాళ్ళు పెట్టిన గ్రీన్ లిస్ట్‌లో ఉంది, రెసిడెన్స్‌కి వయసు 55 వరకు. కాకపోతే చిన్న దేశం, ఉద్యోగం ఏ ఊళ్ళో దొరుకుతుందో చెప్పలేం.

కూకట్‌పల్లి_కుర్రోడు:
సరే, ప్రేమ సంగతి వదిలేస్తున్నా, కానీ ఒక మాట. యాభై లక్షల లోన్ నెత్తిన పెట్టుకుని, పిల్లల రూమ్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఎప్పుడూ చూడకుండా ఎలా వెళ్తారు? టీసీఎస్‌లో చేరే ముందైనా ఒక కాలేజీ ప్రాజెక్ట్ చేశాం కదా.

ప్లేస్కూల్_నాగోల్:
తమ్ముడు ఇప్పుడన్నడు సరైన మాట. అక్కా, బెంచ్ మీదనే ఉన్నవ్ గద, మా మేడమ్‌ను అడుగుత, ఒక నెల వచ్చి కూసో. జీతం అడగకు. కొత్త పోరగాండ్లు చేరే టైమ్ల రా, ఎనిమిది మంది ఒక్కసారి ఏడుస్తరు, అప్పుడు తెలుస్తది.

బెంచ్_మీద_నల్లగండ్ల:
వస్తా. నాగోల్ మెట్రో దిగాక ఎంత దూరం? మా అత్తగారికి మాత్రం ఆటోమేషన్ క్లాస్ అని చెప్తా.

వీసా_లెక్కల_మాస్టారు:
అది మీ ఇష్టం. ఐఇఎల్‌టీఎస్ మాత్రం ఈలోపే రాసెయ్యండి.