ఒక్క జీతం మీద ఎంత హోమ్ లోన్ తీసుకోవచ్చు? చేతికి 52 వేలు, చూసిన ఇల్లు 48 లక్షలు

పాలమూరు_నాన్న:
నమస్తే అందరికీ. మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పని చేస్తాను, కటింగులన్నీ పోయాక చేతికి 52,000 వస్తుంది. వయసు 36. మా ఇంటామె ఇంటి దగ్గరే ఉంటుంది, చిన్నోడికి ఇంకా మూడేళ్లే, కాబట్టి ఇంకో నాలుగైదేళ్లు నా ఒక్క జీతంతోనే నడవాలి. కిరాయి 8,500. బైక్ ఈఎంఐ 3,200 ఇంకా ఏడు నెలలుంది. పాడుకున్న చిట్టీకి నెలకు 5,000 చొప్పున ఇంకా 14 నెలలు కట్టాలి. ఆ చిట్టీ పైసలు, దాచుకున్నవి అన్నీ కలిపి 14 లక్షలున్నాయి.

భూత్పూర్ రోడ్డు దిక్కు 150 గజాల్లో ఒక ఇల్లు చూశాం, ఇంటామెకు చాలా నచ్చింది. 48 లక్షలు చెప్తున్నారు. బ్యాంకుకు పోతే 26 లక్షల కంటే ఎక్కువ రాదన్నారు. లోన్లు ఇప్పించే ఏజెంటు మాత్రం 30 ఏళ్లకు పెట్టి 34 లక్షలు ఇప్పిస్తానంటున్నాడు. 34, 14 కలిపితే సరిగ్గా 48. తీసుకోవచ్చా? వారం నుంచి ఒకటే టెన్షన్, నిద్ర పట్టట్లేదు.

రిటైర్డ్_ఫీల్డాఫీసర్:
తమ్ముడూ, బ్యాంకు 26 ఎందుకన్నదో ముందు చూడు. మామూలుగా చేతికొచ్చే జీతంలో సగం వరకే అన్ని ఈఎంఐలు కలిపి ఉండాలని చూస్తారు, కొన్నిచోట్ల 55, 60 శాతం దాకా పోతారు. నీ సగం 26,000, అందులో బైక్‌ది 3,200 తీసేస్తే 22,800. ఎనిమిదిన్నర వడ్డీకి 20 ఏళ్లు పెడితే లక్షకు 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. భాగించు, 26 లక్షల చిల్లర వస్తుంది. అంటే ఆ బైక్ లోన్ ఒక్కటే నీకు మూడున్నర లక్షలకు పైగా అర్హత తగ్గించింది! అది ముందు కట్టేసి, క్లోజ్ అయినట్టు కాగితం తీసుకుని పో.

ఇంకోటి, సరిగ్గా 48 అంటున్నావు, రిజిస్ట్రేషన్ ఎక్కడ? మన దగ్గర స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం. 48 లక్షలకు 3 లక్షల 60 వేలు. ఇది బ్యాంకు ఇవ్వదు, నువ్వే పెట్టుకోవాలి. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు రూలు. ఆ విలువ కూడా అగ్రిమెంటులో రాసిన రేటు, బ్యాంకు వాల్యూయర్ వేసిన రేటు, రెండిట్లో తక్కువదే తీసుకుంటారు. అమ్మేటాయన డాక్యుమెంటులో 38 రాద్దాం, మిగతా 10 చేతికివ్వమంటే లోన్ ఆ 38 మీదే లెక్క. అట్లాంటి బేరానికి పోకు.

30 ఏళ్లంటే నీకు 66 వస్తాయి. ప్రైవేటు ఉద్యోగికి చాలా బ్యాంకులు 60 ఏళ్ల దాకానే లెక్క వేస్తాయి. ఒకవేళ ఇచ్చారనే అనుకో, 30 లక్షలకు 20 ఏళ్ల ఈఎంఐ 26,035, 30 ఏళ్లది 23,067. నెలకు మూడు వేలు తగ్గించుకోవడానికి మొత్తం మీద 20 లక్షలకు పైగా వడ్డీ ఎక్కువ కడతావు.

నల్లగొండ_ఇల్లాలు:
అన్నా, నేను మీ ఇంటామె వైపు నుంచి రాస్తున్నా. మాదీ ఒక్క జీతమే. ఐదేళ్ల కింద ఆయనకు 48 వేలు వచ్చేటప్పుడు 24 వేల ఈఎంఐకి ఒప్పుకున్నాం, ఎట్లాగూ కిరాయి మిగులుతుంది కదా అని. కిరాయి మిగిలింది నిజమే, కానీ మొదటి ఎండాకాలమే బోరు మోటరు కాలింది, జూన్‌లో ఇద్దరి స్కూలు ఫీజులు ఒకేసారి వచ్చి పడ్డాయి. జీతం 7న పడేది, ఈఎంఐ తారీకు 5. మొదటి నెలే బౌన్స్ అయింది, 590 చార్జీ పడింది. తర్వాత ఆయనకు డెంగీ వచ్చి నెలన్నర జీతం లేదు, నా పుస్తెలతాడు కుదువ పెట్టి రెండు ఈఎంఐలు కట్టాం. దాన్ని విడిపించడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా మెడలో పసుపుతాడే.

అందుకే బ్యాంకు ఎంతిస్తుందని కాదు, ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టాక ఎంత మిగులుతుందో చూడండి. చిట్టీ బ్యాంకు లెక్కలో రాకపోవచ్చు, కానీ ఐదు వేలు పోయేది మీ జేబులోంచే. ఇంకో మాట, లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ తప్పనిసరి అని మా దగ్గర ఒకేసారి ప్రీమియం కట్ చేసి లోన్‌లోనే కలిపేశారు. అది తప్పనిసరి కాదని తర్వాత తెలిసింది. మీరు బయట విడిగా టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా) తీసుకోండి. ఒక్క జీతం ఇంట్లో అది మాత్రం ఉండాల్సిందే.

మిర్యాలగూడ_కుర్రోడు:
బ్రదర్, నేను 2021లో వడ్డీ తక్కువుందని తీసుకున్నా. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరిలోపు రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ, మన వడ్డీ దాన్ని బట్టే మారుతుంది) 4 నుంచి 6.5 శాతానికి పోయింది. ఈఎంఐ అంతే ఉంది కదా అనుకున్నా, స్టేట్‌మెంట్ చూస్తే 240 నెలల లోన్ 300 దాటింది. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ తర్వాత, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా గడువు పెంచాలా అని మనల్ని అడగాలి. ఈఎంఐ పెంచమనే చెప్పు. ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతుండే) హోమ్ లోన్‌కు ముందు కడితే పెనాల్టీ లేదు, బోనస్ వస్తే అందులో వేసెయ్.

ఇంకోటి, ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అర్హత ఉంటే 1 లక్షా 80 వేల దాకా ఐదు వాయిదాల్లో వస్తుంది. 48 లక్షల ఇంటికి రాదు. నీ 14 లక్షలకు, నీ జీతానికి 34, 35 లక్షల ఇల్లే సరిపోతుంది అనిపిస్తోంది. 25 లక్షల లోన్‌కు 20 ఏళ్లకు 21,700 దగ్గర పడుతుంది.

పాలమూరు_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి మా ఇంటామెకు అన్నీ చదివి వినిపించా. పుస్తెలతాడు సంగతి దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. బైక్ లోన్ 22 వేల దాకా ఉంది, సోమవారం కట్టేస్తా. భూత్పూర్ రోడ్డు ఆయనకు వద్దని ఫోన్ చేశా. ఏనుగొండలో 110 గజాల ఇల్లు 34 లక్షలకు ఉందని మా కొలీగ్ చెప్పాడు, ఆదివారం పోతున్నాం. రిటైర్డ్ సార్, లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) కాకుండా ఇంకేం జిరాక్సులు అడగాలో చెప్తారా?

రిటైర్డ్_ఫీల్డాఫీసర్:
మున్సిపాలిటీ పర్మిషన్, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదు. లేఅవుట్ అప్రూవ్డ్ కాకపోతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను రెగ్యులర్ చేసే స్కీము) ఫీజు కట్టిన కాగితం. ఇవన్నీ బ్యాంకు లాయరు చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు. తప్పదంటే, లోన్ రాకపోతే అడ్వాన్సు వాపసు ఇస్తానని అగ్రిమెంటులో రాయించుకో.