రిటార్ట్ పౌచ్ తెరిచే పద్ధతిని ఏఆర్‌లో చూపించాలి, బొమ్మ నిలవడం లేదు

పీణ్య_ప్యాక్:
బెంగళూరులో గుత్తివంకాయ, గోంగూర పప్పు పౌచ్‌లు చేస్తున్నాం. ఇవి రిటార్ట్ పౌచ్‌లు, అంటే కూర నింపి మూసి, నిల్వ ఉండేలా బాగా వేడి చేసినవి. అల్యూమినియం రేకు పొర ఉన్న పౌచ్, పైన అట్టపెట్టె. ఏఆర్ అంటే కెమెరా దృశ్యం మీద బొమ్మలు కలిపి చూపడం. ఫోన్ కెమెరా పెట్టగానే ఎక్కడ చింపాలో, ఎలా వేడి చేయాలో, ఖాళీ పౌచ్ ఎందులో వేయాలో కనిపించాలి. యాప్ వద్దు. పౌచ్ మీద పెడితే బొమ్మ వణుకుతోంది, మాయమవుతోంది.

కెమెరా_కన్ను:
పౌచ్‌ను టార్గెట్‌గా, అంటే కెమెరా గుర్తుపట్టాల్సిన బొమ్మగా, వాడకండి. ఇమేజ్ ట్రాకింగ్‌కు చదునైన బొమ్మ కావాలి. పౌచ్ చేతిలోకి రాగానే నలుగుతుంది, మెరిసే పొర మీద ట్యూబ్‌లైట్ పడితే అక్కడి గుర్తులు తెల్లగా కొట్టుకుపోతాయి. పెట్టె ముందు వైపు మాట్ లామినేషన్ వేయించి దాన్నే టార్గెట్ చేయండి. కాంట్రాస్ట్ బాగుండాలి, ఒకే ముగ్గు పదేపదే వచ్చే డిజైన్ పనికిరాదు.

బ్రౌజర్‌లో నడవడానికి మైండ్‌ఏఆర్ అనే వెబ్ ఏఆర్ లైబ్రరీ సరిపోతుంది. పేజీకి హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత లింక్) లేకపోతే కెమెరా తెరుచుకోదు. వీడియో పెడితే దాని కోడ్‌లో మ్యూటెడ్ (శబ్దం లేకుండా), ప్లేస్‌ఇన్‌లైన్ (పేజీలోనే ఆడేలా) రెండూ ఇవ్వండి, లేదంటే ఐఫోన్‌లో దానంతట అది మొదలవదు.

అసలు చిక్కు ఇంకొకటి. చింపడానికి రెండు చేతులూ కావాలి, ఒక చేతిలో ఫోన్ ఉంటుంది. అందుకే టార్గెట్ దొరకగానే యానిమేషన్‌ను స్క్రీన్‌కు అతికించేయండి, ఫోన్‌ను డబ్బాకు ఆనించి చూస్తారు. నాచ్‌కు (చింపడానికి అంచున ఉన్న చిన్న గాటుకు) అటూ ఇటూ వేళ్లు దగ్గరగా పెట్టి, ఒక చేయి ముందుకు, ఇంకోటి వెనక్కి లాగడం చూపండి. పక్కలకు లాగితే చీలిక ఏటవాలుగా కిందికి దిగి వేడి గ్రేవీ చేతి మీద పడుతుంది.

అచ్చు_పని:
ఈ పేజీ తెరిచే క్యూఆర్ కోడ్‌ను వెండి రేకు మీద నేరుగా వేయకండి, కింద తెల్ల ఇంకు ఉండాలి. చుట్టూ కోడ్‌లోని చిన్న గడులు నాలుగింత ఖాళీ. 25 సెం.మీ. దూరానికి కనీసం 2.5 సెం.మీ. కోడ్. ఎర్రర్ కరెక్షన్ క్యూ లెవెల్ తీసుకుంటే దాదాపు 25% చెడినా చదవగలదు. లింక్ మీ సొంత డొమైన్ నుంచి రీడైరెక్ట్ అవ్వాలి. గ్రావ్యూర్ సిలిండర్ (పౌచ్ అచ్చు వేసే చెక్కిన రోలర్) ఒకసారి చెక్కాక కోడ్‌లోని లింక్ మారిస్తే కొత్త సిలిండరే.

తడి_పొడి:
రేకు ఉంది కాబట్టి ‘మైక్రోవేవ్‌లో పెట్టకండి’ అనేది పౌచ్ మీదే పెద్దగా అచ్చు వేయండి. ఏఆర్‌కు వదిలేయొద్దు, స్కాన్ చేయనివాళ్లే ఎక్కువ.

ఇక్కడ తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా ఇవ్వాలి. పౌచ్, పెట్టె రెండూ పొడే. కానీ పౌచ్‌ను కడిగి ఆరబెట్టాకే వేయమని చూపాలి. నూనె అంటితే పక్కనున్న అట్ట కూడా పాడవుతుంది.

పీణ్య_ప్యాక్:
పెట్టె మీదకే మారుస్తున్నాం. లింక్ వాట్సాప్‌లో ఎవరైనా పంపితే?

కెమెరా_కన్ను:
కొన్ని యాప్‌ల లోపలి బ్రౌజర్‌లో కెమెరా అనుమతి రాదు. ‘క్రోమ్‌లో తెరవండి’ బటన్, కెమెరా లేకుండా నడిచే మామూలు వీడియో రెండూ ఉంచండి. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌తో, రాత్రి వంటింటి దీపం కింద పరీక్షించాకే అచ్చుకు పంపండి.